ఆర్ అండ్ డీ లేని చిన్న యూనిట్‌కి "ఇన్నొవేషన్ సామర్థ్యం" ఎక్కడి నుంచి వస్తుంది?

చిన్నషెడ్డు
అందరికీ నమస్కారం. మాది ప్లాస్టిక్ ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని మౌల్డ్ అనే స్టీల్ అచ్చులోకి నొక్కి పార్టులు తీస్తాం. నలభై అయిదు మంది పనిచేస్తారు. కస్టమర్ డ్రాయింగ్ ఇస్తాడు, మౌల్డ్ కూడా వాళ్లదే. మేం పార్టులు తీసి పంపిస్తాం, అంతే.

ఈసారి మా పెద్ద కస్టమర్ వెండర్ ఆడిట్ ఫారంలో కొత్త పేజీ ఒకటి చేర్చారు. పైన "ఇన్నొవేషన్ సామర్థ్యం" అని హెడ్డింగు. ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) విభాగం ఉందా, అమ్మకాల్లో ఎంత శాతం దానికి ఖర్చు పెడుతున్నారు, పేటెంట్లు ఎన్ని, పీహెచ్‌డీలు ఎంతమంది... వరసగా సున్నాలు వేసుకుంటూ పోయాను. అదే కస్టమర్ పార్టు ఒకదానికి, మౌల్డ్‌ని చల్లార్చడానికి వరసగా ఒకే లైనులో తిరిగే నీళ్లని విడివిడి లైన్లుగా కలిపి సైకిల్ టైమ్ (ఒకసారి పార్టు తీయడానికి పట్టే టైము) తగ్గించింది మేమే. ఫారంలో దానికి గడి లేదు.

తెలిసిన కన్సల్టెంట్ ఒకాయన ఇద్దరు ఇంజనీర్లను పెట్టుకుని, ఒక గది కేటాయించి, తలుపు మీద బోర్డు పెట్టమంటున్నాడు. మా సైజు కంపెనీకి అది పనికొస్తుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

కోడ్‌బండి
బోర్డు వరకూ బాగానే ఉంటుందండి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అలాగే ఇద్దరిని "ఇన్నొవేషన్ టీమ్" అని పక్కన కూర్చోబెట్టారు. డెలివరీ డేట్ దగ్గర పడగానే మొదట లాగేది వాళ్లనే, ఎందుకంటే మిగతావాళ్లంతా అప్పటికే పీకల్లోతు పనిలో ఉంటారు. కొన్నాళ్లకి ఆ ఇద్దరూ మామూలు ప్రాజెక్టుల్లో కలిసిపోయారు. టీమ్ రద్దు చేశామని ఎవరూ ప్రకటించలేదు కూడా. చిన్న కంపెనీలో ఖాళీ చేతులు ఉండవు, సమస్య అక్కడే.

అట్టపెట్టె
నేను కార్టన్ల వ్యాపారంలో ఉన్నాను. మొహమాటం లేకుండా చెబుతున్నా, ఇదంతా పెద్ద కంపెనీల ఫ్యాషన్. కస్టమర్‌కి కావలసింది రేటు, టైముకి సరుకు. ఒకసారి మేమే పెట్టె డిజైన్ మార్చి, అట్ట బరువు తగ్గించి, బలం తగ్గకుండా చేసి ఇచ్చాం. మెచ్చుకున్నారు. తర్వాతి ఏడాది ఆ డ్రాయింగే ఇంకో ముగ్గురికి కొటేషన్ కోసం వెళ్లింది, ఆర్డరు అందులో ఒకరికి పోయింది. మా తెలివికి మేమే శిక్ష వేసుకున్నట్టయింది.

పరిశోధన_డెస్క్
చిన్న పరిశ్రమల మీదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఆ ఫారం గురించి. ఇన్నొవేషన్‌ని ఎలా కొలవాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శి ఒకటుంది, ఓస్లో మాన్యువల్ అంటారు. ఓఈసీడీ (దేశాల ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 1992లో మొదటిసారి తెచ్చింది, నాలుగో కూర్పు 2018లో యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్‌తో కలిసి వచ్చింది. దాని ప్రకారం మీ ఉత్పత్తి గానీ, పని చేసే పద్ధతి గానీ మీ దగ్గర ఇంతకుముందు ఉన్నదానికంటే చెప్పుకోదగ్గంత మారాలి, ఆ మార్పు అమ్మకంలోకో వాడకంలోకో వచ్చి ఉండాలి. ప్రపంచంలో ఎవరూ చెయ్యనిది అయి ఉండాలని లేదు. ఆర్ అండ్ డీ గది నుంచే రావాలని అసలే లేదు. మీ నీళ్ల లైన్ల మార్పు ఎంత తేడా తెచ్చిందో చూపించగలిగితే అది ప్రాసెస్ ఇన్నొవేషన్ కిందికి వస్తుంది. బీరువాలో పడి ఉన్న పేటెంటు మాత్రం రాదు!

ఇంకోటి. "చిన్న, మధ్యతరహా" అని ఒకే గంపలో వేసేస్తారు. యూరోపియన్ యూనియన్ లెక్కలో 250 మంది లోపు సిబ్బంది ఉండి, ఆదాయ పరిమితి దాటకపోతే చాలు, ఎస్ఎంఈనే. 240 మంది ఉన్నచోట నాణ్యతకి ఒక మేనేజరు, డిజైన్‌కి ఒక మేనేజరు ఉంటారు. పదిమంది ఉన్నచోట అన్నీ ఒకాయనే. ఇద్దరికీ ఒకే ప్రశ్నాపత్రం ఇవ్వడంలో అర్థం లేదు.

ఇక సామర్థ్యం. 1990లో కోహెన్, లెవింథాల్ అనే ఇద్దరు ఒక విషయం ముందుకు తెచ్చారు. బయట ఉన్న కొత్త జ్ఞానంలో మనకు పనికొచ్చేది గుర్తుపట్టడం, దాన్ని ఒంటపట్టించుకోవడం, వ్యాపారంలో వాడుకోవడం, ఈ మూడూ కలిపి ఒక సామర్థ్యం అన్నారు. అది ఆ విషయంలో మనకి ముందే ఎంత తెలుసన్నదాని మీద ఆధారపడుతుంది. మీ ఇంజనీరు కొత్తగా ఏదో కనిపెట్టాలని కాదు. మెటీరియల్ కంపెనీ పంపిన డేటాషీట్ చదివి "ఇది మన ఫలానా పార్టుకి పనికొస్తుంది" అని పట్టుకోగలగాలి. అలాంటి మనిషి ఒక్కరూ లేకపోతే ఎంత సమాచారం వచ్చినా మెయిల్‌లోనే ఉండిపోతుంది.

టూల్‌రూమ్
నేను మౌల్డులు చేసేవాణ్ణి, చదువు తక్కువ. పై పోస్టు సగం అర్థమైంది, ఆ సగం కరెక్టే.

ఒక పని ఉదాహరణ చెబుతా. మౌల్డింగ్ సైకిల్‌లో చాలా పార్టులకి ఎక్కువ టైము పోయేది చల్లారడానికి. చల్లారే టైము గోడ మందానికి వర్గంలో పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల గోడని రెండు చేస్తే తొమ్మిదికి నాలుగు, అంటే సగం కూడా పట్టదు. ప్లాస్టిక్ మూడో వంతు మిగులు. మరి అందరూ ఎందుకు చెయ్యరు? గట్టితనం మందానికి ఘనంలో పడిపోతుంది. ఇరవై ఏడుకి ఎనిమిది, అంటే మూడో వంతు కూడా మిగలదు. దానికి వెనక రిబ్బులు (ఊతంగా నిలబెట్టే సన్నని పట్టీలు) పెట్టాలి. రిబ్బు మరీ లావైతే ముందు వైపు సింక్ మార్క్ (చిన్న గుంట) పడుతుంది, అందుకని గోడ మందంలో సగం, మహా అయితే అరవై శాతం దగ్గర ఆపాలి. గోడ సన్నబడింది కాబట్టి నింపడానికి ప్రెషర్ ఎక్కువ కావాలి, మీ మెషీన్ ఆ ప్రెషర్ ఇస్తుందా లేదా చూసుకోవాలి. ఇవన్నీ చూసి చెప్పగలిగేది రోజూ పార్టులు తీసేవాళ్లే, డ్రాయింగ్ గీసేవాళ్లు కాదు.

కానీ మీ చేతికి వచ్చేసరికి మౌల్డ్ తయారైపోయి ఉంటుంది. స్టీల్ చెక్కి తియ్యడం తేలిక, మళ్లీ పెట్టడం కష్టం. పార్టు గోడ పలచన చెయ్యాలంటే స్టీల్ చేర్చాలి, అంటే వెల్డింగో, కొత్త ఇన్సర్టో (మౌల్డ్‌లో బిగించే స్టీల్ ముక్క). కస్టమర్ వినడు. అదే డ్రాయింగ్ దశలో ఫోన్ చేసి అడిగితే వింటాడు. చిన్నషెడ్డు గారూ, మీకు ఆర్ అండ్ డీ గది వద్దు. కస్టమర్ డిజైన్ ఆఫీసులో మీ మాట వినే ఒక్క మనిషి కావాలి.

అట్టపెట్టె
> డ్రాయింగ్ దశలో ఫోన్ చేసి అడిగితే వింటాడు

వింటాడు సార్, విని ఆ ఐడియా తీసుకెళ్లి వేరేవాళ్లకి ఇస్తాడు. నా కథ పైనే ఉంది.

లెక్కలపిచ్చి
అట్టపెట్టె గారి బాధ నిజమే. అయితే లెక్క రెండు రకాలుగా ఉంటుంది. మీరు ఉత్పత్తి డిజైన్ మార్చి ఇచ్చారు, అది కాగితం మీద కనిపిస్తుంది, ఎవరైనా కాపీ కొట్టొచ్చు. చిన్నషెడ్డు గారు నడిపే పద్ధతి మార్చారు, అది వాళ్ల షెడ్డు దాటి బయటికి రాదు. బయటికి కనిపించే మెరుగుదల అయితే చూపించే ముందే పొదుపులో ఎవరి వాటా ఎంత, ఎన్నాళ్ల ఆర్డరు అనేది రాయించుకోవాలి. చూపించాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇంకో ముక్క. సైకిల్ టైమ్ తగ్గించాం అని సంతోషపడే ముందు, ఆ మెషీన్ నిండా పని ఉందా అని అడగండి. ఉంటే మిగిలిన ప్రతి గంటా ఇంకో ఆర్డరుకి అమ్ముకోవచ్చు, కస్టమర్ రేటు కొంచెం తగ్గించమన్నా మీరే లాభంలో ఉంటారు. మెషీన్ ఎలాగూ సగం రోజు ఖాళీగా ఉంటే మిగిలేది కొంచెం కరెంటు, కొంచెం కూలి. అదే శ్రమ రిజెక్షన్ మీద పెడితే బాగుండేది. ఏ సమస్య మీద బుర్ర పెట్టాలో ఎంచుకోవడం కూడా ఈ సామర్థ్యంలో భాగమే. దీన్ని మాత్రం ఏ ఫారమూ అడగదు.

సర్టిఫికెట్_రాజా
ఇన్నొవేషన్ మేనేజ్‌మెంట్‌కి ఐఎస్ఓ 56001 అని 2024లో స్టాండర్డ్ వచ్చింది. అది తెచ్చుకుంటే ఆడిట్‌లో మార్కులు పడతాయి కదా? వివరాలు కావాలంటే నా నంబరు

నిర్వాహకులు
నంబరు తీసేశాం. ఇక్కడ సర్వీసులు అమ్మొద్దని ముందే చెప్పాం.

పరిశోధన_డెస్క్
స్టాండర్డ్ రావడం నిజమే. చెయ్యి తిరిగిన కంపెనీకి ఒక క్రమం ఇస్తుంది. చేసేది ఏమీ లేనిచోట ఫైళ్లు ఇస్తుంది.

నైట్‌షిఫ్ట్
ఇక్కడ అందరూ యజమానులే ఉన్నట్టున్నారు. నేను సూపర్‌వైజర్ని, ఇలాంటి ఒక యూనిట్‌లోనే. మా వైపు నుంచి కూడా వినండి.

పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ పార్టుల మీద వెండి గీతల్లాంటి మచ్చలు వస్తుంటాయి. మెటీరియల్‌లో తేమ. 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టి వెయ్యాలి, అది పుస్తకాల్లోనే ఉంది. మా దగ్గర ఆరబెట్టినా వచ్చేవి. ఒక ఆపరేటర్ కనిపెట్టాడు. డ్రయర్ నుంచి తెచ్చిన బస్తా మెషీన్ పక్కన మూతి తెరిచి ఉంచేవాళ్లం, గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆ కాస్త సేపట్లోనే మెటీరియల్ మళ్లీ తేమ పీల్చుకునేది. అతను కొంచెం కొంచెంగా తెచ్చి, హాపర్ (మెషీన్‌లోకి మెటీరియల్ పోసే గరాటు) మూత వేసి నడిపేవాడు. అతని షిఫ్టులో మచ్చలు ఉండేవి కావు. ఎవరూ ఎందుకని అడగలేదు, అతనూ చెప్పలేదు. వేరే చోట ఎక్కువ జీతం వస్తే వెళ్లిపోయాడు. తర్వాతి వారం నుంచి మళ్లీ మచ్చలు. మచ్చ కనిపిస్తే ఇంకా నయం, తేమతో పాలీకార్బొనేట్ బలం కూడా పోతుంది, కంటికి బాగున్న పార్టు కస్టమర్ దగ్గర పగులుతుంది.

సెట్టింగులు కూడా అంతే. ఎవరి డైరీ వాళ్ల జేబులో. డైరీ చూపిస్తే తన విలువ తగ్గుతుందని భయం. ఆ భయం ఉత్తిది కాదు.

మా గేటు దగ్గర సలహాల పెట్టె ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదు.

కోడ్‌బండి
తాళం చెవి మాట చదివి నవ్వాను గానీ మా ఆఫీసులోనూ అంతే. ఐడియాలు పంపమని షేర్డ్ షీట్ ఉంది, చివరి కాలమ్ "స్టేటస్", మొత్తం ఖాళీ. టొయోటాలో సలహాల పద్ధతి 1951 నుంచీ నడుస్తోంది అంటారు. అంత కాలం నడవాలంటే జవాబు రావాలి కదా. "వద్దు, ఈ కారణం వల్ల" అని చెప్పినా జనం మళ్లీ రాస్తారు. ఏమీ చెప్పకపోతే రెండోసారి రాయరు.

చిన్నషెడ్డు
అందరికీ థాంక్స్. నైట్‌షిఫ్ట్ గారూ, మీరు మా యూనిట్‌లో పనిచేస్తున్నారేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. :) మరి మా వాళ్లు కూడా ఇలాగే అనుకుంటుంటే, నన్ను నేరుగా ఎందుకు అడగరు? నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నైట్‌షిఫ్ట్
సార్, తలుపు తెరిచే ఉంటుంది. లోపల మీరు ఫోన్‌లో ఉంటారు. బ్యాంకు, కస్టమర్, మెటీరియల్ వాడు, మళ్లీ కస్టమర్. మా సార్ కూడా అంతే, మంచాయన. కానీ మా దగ్గర ట్రయల్ అంటే సార్ "సరే" అనాలి. ఆయన సరే అనేసరికి మెషీన్ మీద వేరే మౌల్డ్ ఎక్కి ఉంటుంది. మళ్లీ ఆ మౌల్డ్ ఎక్కినప్పుడు ఆయన ఊళ్లో ఉండరు. మాకు తెలిసినవి అలా ఆగిపోయినవే ఎక్కువ, తెలియక ఆగినవి తక్కువ.

చిన్నషెడ్డు
మీరు చెప్పింది కొంచెం గుచ్చుకుంది. కానీ నా వైపు కూడా చూడండి. మౌల్డ్ కస్టమర్‌ది. పాడైతే కట్టాల్సింది నేను. డెలివరీ తప్పితే మాట పడేది నేను. ఎవరికి తోచింది వాళ్లు మెషీన్ మీద తిప్పుకుంటూ పోతే ఎలా?

టూల్‌రూమ్
రెండూ వేరు చెయ్యండి బాబూ. వెనక్కి తిప్పుకోగలిగేవి ఒక రకం, తిప్పుకోలేనివి ఒక రకం. టెంపరేచరు, స్పీడు, హోల్డింగ్ టైము (మౌల్డ్ నిండాక ప్రెషర్ పట్టి ఉంచే సేపు), నీళ్ల హోసులు ఎలా కలపాలి, ఇవన్నీ వెనక్కి తిప్పుకోవచ్చు. ముందు పాత సెట్టింగ్ రాసిపెట్టుకుని, తీసిన పార్టులు వేరే డబ్బాలో వేసి, ఇంతసేపు అని హద్దు పెట్టి సూపర్‌వైజర్‌కే వదిలెయ్యండి. మౌల్డ్‌ని మూసి పట్టే క్లాంపు ప్రెషర్ తగ్గించి ఇంజెక్షన్ ప్రెషర్ పెంచడం, స్టీల్ ముట్టుకోవడం, కస్టమర్ ఒప్పుకున్న మెటీరియల్ గ్రేడు మార్చడం, ఇవి మీరు లేకుండా జరగకూడదు. మొదటి రకానికి కూడా మీ సంతకం కోసం ఆగితే, మీరే మీ కంపెనీలో అన్నిటికంటే నెమ్మదైన మెషీన్.

లెక్కలపిచ్చి
చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవాలి.

దీనికి లెక్కల వైపు నుంచి ఒక చిట్కా. ట్రయల్‌కి కూడా ఒక జాబ్ నంబరు ఇవ్వండి. మామూలు ఆర్డరుకి ఇచ్చినట్టే. మెషీన్ గంటలు, మెటీరియల్ దాని మీద రాస్తారు. లేకపోతే ఏమవుతుందంటే, ట్రయల్‌లో పోయిన గంట ఆ రోజు ప్రొడక్షన్‌లో నష్టంగా కనిపిస్తుంది, సూపర్‌వైజర్ తిట్లు తింటాడు, ఇంకోసారి చెయ్యడు. నెలకి ఇన్ని మెషీన్ గంటలు ట్రయల్స్‌కి అని ముందే పక్కన పెట్టండి. కోడ్‌బండి గారు చెప్పిన సమస్యకి కూడా ఇదే నా జవాబు. మనుషుల్ని విడిగా పెడితే లాగేస్తారు. గంటల్ని ఆర్డరులాగా షెడ్యూల్లో ఎక్కిస్తే లాగడం కొంచెం కష్టం.

కోడ్‌బండి
"కొంచెం" అన్నది ముఖ్యం. నెలాఖరున ఆ గంటలు కూడా పోతాయి, రాసిపెట్టుకోండి.

లెక్కలపిచ్చి
పోతాయి. కానీ పోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఇప్పుడు అదీ లేదు.

అట్టపెట్టె
సరే, నాకొక డౌటు. ఇలాంటి పద్ధతి మార్పులకి పేటెంటు తీసుకుంటే కస్టమర్ దోచుకోకుండా ఉంటాడా?

పరిశోధన_డెస్క్
పేటెంటు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 ఏళ్లు, బదులుగా మీ పద్ధతి మొత్తం లోకానికి చెప్పాలి. దరఖాస్తుకి ముందే, రహస్యంగా ఉంచాలన్న ఒప్పందమేమీ లేకుండా బయట చూపించేస్తే చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే లెక్క. పైగా ఇంకొకరు తన షెడ్డు లోపల మీ పద్ధతి వాడుతున్నాడని మీరు ఎలా పట్టుకుంటారు? పట్టుకున్నా కోర్టు ఖర్చు ఎవరు భరిస్తారు? అందుకే షెడ్డు లోపలి పద్ధతుల్ని చిన్న కంపెనీలు ఎక్కువగా రహస్యంగానే ఉంచుకుంటాయి. మీ పెట్టె డిజైన్ లాంటి బయటికి కనిపించేవాటికి మాత్రం, చూపించే ముందే సలహా తీసుకోవడం మంచిది.

బయటి సాయం గురించి ఎవరూ అనలేదు. చిన్న కంపెనీ సొంత ల్యాబ్ పెట్టుకోలేదు కాబట్టే కొన్ని దేశాలు ఉమ్మడిగా పెట్టాయి. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 1949 నుంచి ఉంది, కంపెనీల కోసం కాంట్రాక్టు మీద పరిశోధన చేస్తుంది. జపాన్‌లో స్థానిక ప్రభుత్వాల పరీక్షా కేంద్రాలున్నాయి, చిన్న యూనిట్లు అక్కడికి శాంపిల్ తీసుకెళ్లి టెస్ట్ చేయించుకుంటాయి. కానీ అక్కడికి వెళ్లి ఏం అడగాలో తెలిసిన మనిషి మీ దగ్గర ఉండాలి. మళ్లీ కోహెన్, లెవింథాల్ దగ్గరికే వచ్చాం.

టూల్‌రూమ్
అంత దూరం ఎందుకు, మెటీరియల్ అమ్మేవాళ్ల టెక్నికల్ సర్వీస్ వాళ్లకి ఫోన్ చెయ్యండి. ఊరికే వస్తారు. వాళ్ల ప్లాస్టిక్ అమ్ముడవ్వాలి కదా. మీ వైపు నుంచి పార్టు, రిజెక్షన్ లెక్క, సెట్టింగుల కాగితం చేతిలో ఉండాలి. "మచ్చలొస్తున్నాయి సార్" అంటే వాళ్లు కూడా "మెటీరియల్ ఆరబెట్టండి" అని వెళ్లిపోతారు.

చిన్నషెడ్డు
అప్‌డేట్ ఇస్తున్నా. గది, బోర్డు ఆలోచన మానేశాను. ఇద్దరు ఇంజనీర్లకి బదులు ఒకరిని తీసుకుంటున్నాం. పగలు ఫ్లోర్ మీద ఉంటారు, కస్టమర్ డిజైన్ వాళ్లతో, మెటీరియల్ వాళ్లతో మాట్లాడే పని కూడా ఆయనదే. ఫారంలో ఆర్ అండ్ డీ దగ్గర సున్నా అలాగే ఉంచి, ఒక అదనపు పేజీ జోడించాను. నీళ్ల లైన్ల మార్పుకి ముందు సైకిల్ ఎంత, తర్వాత ఎంత, పార్టు ఫోటో. మార్కులు వేస్తారో లేదో చూడాలి.

వెనక్కి తిప్పుకోగలిగే ట్రయల్స్ ఇక సూపర్‌వైజర్లవే. మొదటి రోజే ఒకాయన హోల్డింగ్ టైము మీద ట్రయల్ తీశాడు. నేను ఆఫీసులోనే కూర్చున్నా. టెన్షన్ మాత్రం తప్పలేదు.

డైరీల సంగతి తేలలేదు. పాతవాళ్లు ఇద్దరు తమ డైరీలు ఇచ్చేది లేదన్నారు. బలవంతం చెయ్యను. కాగితం మీద పెట్టినవాళ్ల పేరు సెట్టింగ్ షీట్ మీదే ఉంటుందనీ, జీతం పెంచేటప్పుడు అది చూస్తాననీ చెప్పాను.

నైట్‌షిఫ్ట్
చెప్పడం కాదు సార్, పెంచిన మొదటి మనిషిని చూశాక మిగతావాళ్లు ఇస్తారు.

అట్టపెట్టె
నా అభిప్రాయం పెద్దగా మారలేదు, కస్టమర్ కస్టమరే. అయినా ఆ షీట్‌లో ఏం కాలమ్‌లు పెట్టారో చెప్పండి, అట్ట తయారుచేసే మా కొరుగేటర్ మెషీన్‌కి కూడా ఒకటి చేసుకుంటా.

చిన్నషెడ్డు
మెషీన్ నంబరు, మౌల్డ్ నంబరు, బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) టెంపరేచర్లు, ఇంజెక్షన్ ప్రెషర్, స్పీడ్, హోల్డింగ్, కూలింగ్ టైము, నీళ్ల టెంపరేచర్, డ్రయర్ టైము. చివర్లో "ఏం మార్చాం, ఎందుకు, ఏమైంది", దాని కింద పేరు.

టూల్‌రూమ్
మంచిదే, కానీ ఆ షీట్ ఆ ఒక్క మెషీన్‌కే పనికొస్తుంది. అదే మౌల్డ్ ఇంకో మెషీన్ మీద ఎక్కిస్తే గేజీలో అదే ప్రెషర్ పెట్టినా ప్లాస్టిక్ మీద పడేది వేరు, ప్లాస్టిక్‌ని ముందుకు నెట్టే స్క్రూ సైజు మారితే అంతే సంగతులు. పార్టు బరువు, నిండడానికి పట్టిన సెకన్లు, బయటికొచ్చిన కరిగిన ప్లాస్టిక్ టెంపరేచరు, ఈ మూడూ చేర్చండి. మౌల్డ్ టెంపరేచరు నీళ్ల దగ్గర కాదు, స్టీల్ మీద ప్రోబ్ పెట్టి కొలవండి, అదీ మెషీన్ కాసేపు నడిచి నిలకడకి వచ్చాక.